గోడలోని రేకు – ఇంటిలోని వల

ఐర్లండులో 2019 నవంబరులో జాతీయ బ్రాడ్‌బ్యాండ్ పథకానికి ఒప్పందం కుదిరిన పిమ్మట ఆప్టికల్ ఫైబర్ మారుమూల పల్లెలకు సైతం చేరసాగింది. అయినను గుమ్మం దాకా వచ్చిన వేగం పై అంతస్తులోని టీవీకి అందకపోవచ్చు. తెనాలిలోని అమ్మమ్మ వీడియోలో మాట మధ్యలో నిలిచిపోతే, దోషం సముద్రాల ఆవలనే ఉందనుకోనక్కరలేదు. మన ఇంటి గోడలోనే ఉండవచ్చు.

చలిని ఆపుటకు ఇక్కడి గోడలలో అమర్చే నురుగు పలకలలో అనేకం అల్యూమినియం రేకు తొడిగినవి. అద్దంపై పడిన కాంతివలె వైఫై తరంగాలు ఆ రేకును తాకి వెనుకకు మళ్లుతాయి. కనుక మరింత ఖరీదైన రౌటరు కొన్నంత మాత్రాన ప్రయోజనం స్వల్పం.

నిజమైన పరిష్కారం తీగ. క్యాట్-6 కేబుల్ 100 మీటర్ల దూరం వరకు సెకనుకు 1 గిగాబిట్ మోయగలదు. 4కె చిత్రానికి 25 మెగాబిట్లు చాలు. కదలని టీవీకి తీగ, కదిలే ఫోనుకు వైఫై అన్నది సూత్రం. అంతస్తుకొక యాక్సెస్ పాయింటును తీగతో కలిపి, 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లను పంచి ఇవ్వాలి.

ఒకే చిత్రాన్ని మల్టీకాస్ట్ పద్ధతిలో పలు తెరలకు పంపే ఇంట స్విచ్‌లో ఐ.జి.ఎం.పి. స్నూపింగ్ ఉండాలి. లేనిచో ఆ ప్రవాహం అడగని పరికరాలకూ పారి, వైఫైని ముంచెత్తుతుంది.

గోడలు పూయకముందే గొట్టాలు వేయించుకొనుట వివేకం.