కందికొమ్మపై ముల్లు కనబడినదా?

కంది మొక్కకు ముళ్లుండవు. కావున లేత కొమ్మపై గోధుమరంగు ముల్లు వంటిది కనబడినచో వ్రేలితో తాకి చూడుడు. అది కొమ్మ చాటుకు జరిగినను, చటుక్కున దూకినను కొమ్ముల పురుగేయని తెలియవలెను. దీనిని 'కౌ బగ్' అనియు అందురు. శాస్త్రీయనామము ఒటినోటస్ ఒనెరేటస్.

పనిమీద హనుమకొండలోని సుబేదారికి వచ్చు రైతులు దారిలో నల్లతుమ్మ కనబడినచోట ఒక్క నిమిషము ఆగి చూడవచ్చును. తుమ్మపై తరచుగా ఉండు ఆక్సిరాకిస్ టరాండస్ దీనికి దాయాది. తుమ్మముళ్లు ఆకు మొదట జంటగా పుట్టును. పురుగులు కొమ్మ పొడవున గుంపుగా కూర్చుండును. ఈ తేడా కంటికి పట్టినచో చేనిలో పురుగును సులభముగా గుర్తించవచ్చును.

దీని జీవితములో మూడు దశలు గలవు.

గ్రుడ్డు: తల్లి పురుగు లేత కొమ్మను చీల్చి లోపల గ్రుడ్లు పెట్టును. పైకి చిన్న గాటు మాత్రమే కనబడును.

పిల్ల పురుగు: రెక్కలు లేక, గుంపుగా ఉండును. 5 సార్లు కుబుసము విడిచి పెద్దదగును. పోనుపోను రెక్కల మొలకలు కనబడును. ప్యూపా దశ లేదు.

పెద్ద పురుగు: పొడవు సుమారు 6-7 మిల్లీమీటర్లు. వీపుపై రెండు కొమ్ములు, వెనుకకు సాగిన మొన ఒకటి ఉండును.

పిల్లలు, పెద్దవి కూడ రసము పీల్చును. అవి విసర్జించు తీపి ద్రవమునకై చీమలు చేరి, వాటిని శత్రువులనుండి కాపాడును. ఉధృతి హెచ్చినచో కొమ్మపై బెండువంటి కాయలు కట్టి, మొక్క వాడును.

కొమ్మపై చీమలబారు కనబడినచో వెదకి చూడుడు. పేనుబంకకు కూడ చీమలు వచ్చును గనుక, పురుగును చూడక నిర్ణయింపరాదు. ఇది కాయతొలుచు పురుగు కాదు. కాయకు రంధ్రము చేయదు. ఆ పురుగని భ్రమపడి మందు చల్లినచో డబ్బు దండుగ. మేలుచేయు సాలీళ్లు, అక్షింతల పురుగులు చచ్చును.

పురుగులు కొద్దిగా ఉన్నచో మందు అక్కరలేదు. పిల్లలకు రెక్కలు రాకమునుపే, గుంపులున్న కొమ్మలను త్రుంచి సబ్బునీటిలో ముంచుడు. చేనంతయు వ్యాపించినచో, ఒక కొమ్మను తీసికొనిపోయి వ్యవసాయ విస్తరణ అధికారికి చూపి సలహా పొందుడు.

ముందు పురుగును గుర్తించుడు. మందు మాట తరువాత.