కిలోకు లెక్కేస్తే సూర్యుడూ మన వెనకే!

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో కిలో బరువుకు సుమారు ఒక వాట్ వేడి పుడుతుంది. సూర్యుడు వెదజల్లే శక్తినంతా ఆయన బరువుతో భాగిస్తే కిలోకు వచ్చేది వాట్‌లో అయిదువేలో వంతే. బరువుకు బరువు చూస్తే మనం సూర్యుడికంటే వేల రెట్లు ముందున్నాం. కాకపోతే ఆయన ఇంధనం వందల కోట్ల ఏళ్లు వస్తుంది, మనకు పూటపూటకూ అన్నం కావాలి.

ఆ అన్నాన్ని శక్తిగా మార్చే పని ఎంజైములది. వేగానికి వాటిలో పేరుపడ్డది కెటలేజ్. దెబ్బ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయగానే తెల్లటి నురగ పొంగడం చూసే ఉంటారు. రక్తంలోనూ కణాల్లోనూ ఉండే కెటలేజ్ ఆ మందును నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంటే పైకి తన్నుకొచ్చే ఆక్సిజన్ బుడగలవి. ఒక్క కెటలేజ్ అణువు సెకనులో కోటికి పైగా పెరాక్సైడ్ అణువులను విడగొట్టగలదు. పచ్చి బంగాళాదుంప ముక్క మీద నాలుగు చుక్కలు వేసినా ఇదే నురగ. ముక్కను బాగా ఉడికించి, చల్లార్చి వేయండి, నురగ రాదు. వేడికి ఎంజైము చెడిపోతుంది.

నన్నడిగితే అసలు విజేత మాత్రం ఓఎంపీ డీకార్బాక్సిలేజ్. డీఎన్ఏ, ఆర్ఎన్ఏలకు కావలసిన ముడిసరుకు తయారీలో ఒక మెట్టు దీని చేతిలో ఉంది. ఈ ఎంజైమే లేకపోతే, మామూలు నీళ్లలో ఆ చర్య సగం పూర్తవడానికే 7 కోట్ల 80 లక్షల ఏళ్లు పడుతుందని 1995లో రాడ్జిక్కా, వుల్ఫెండెన్ లెక్కగట్టారు. డైనోసార్లు తిరిగిన కాలంలో మొదలుపెట్టినా ఇప్పటికి సగమే! ఎంజైము ఉంటే సెకనులో చిన్న వంతు చాలు.

ఆకుల్లోని రుబిస్కో అనే ఎంజైముది మాత్రం నత్తనడక. సెకనుకు మూడో, పదో కార్బన్ డయాక్సైడ్ అణువులను పట్టుకుంటుంది, అంతే. ఆ లోటు తీర్చుకోవడానికి మొక్కలు దాన్ని గుట్టలుగా తయారుచేసుకుంటాయి. భూమ్మీద అత్యధికంగా ఉన్న ప్రోటీన్లలో అదొకటి. మన కంచంలోని ప్రతి మెతుకూ దాని చలవే.

జంతువుల్లోకి వస్తే, రెండు గ్రాముల బరువుండే ఎట్రస్కన్ చుంచెలుక గుండె నిమిషానికి 1,500 సార్ల దాకా కొట్టుకుంటుంది. రోజుకు తన బరువును మించి తింటుంది. హమ్మింగ్ బర్డ్ కూడా ఇంచుమించు అంతటి ఆకలిదే. పగటి వేగంతోనే రాత్రీ ఇంధనం తగలేస్తే దానికి తెల్లారేసరికి ప్రాణం మీదికొస్తుంది. అందుకే చాలా జాతులు చీకటి పడగానే ఒంటి వేడిని దించేసుకుంటాయి. పెరూలోని ఆండీస్ కొండల్లో ఒక హమ్మింగ్ బర్డ్ ఒళ్లు 3.26 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబడిందని 2020లో వెల్లడైంది. పొద్దునకల్లా మళ్లీ వేడెక్కి పూల మీదికి ఎగిరిపోతుంది.

ఓపికలో రికార్డు సూక్ష్మజీవులది. దక్షిణ పసిఫిక్ అడుగున 10 కోట్ల ఏళ్ల నాటి బురదను తవ్వితీసి, అందులోని సూక్ష్మజీవులకు జపాన్ శాస్త్రవేత్తలు ఆహారం పెట్టారు. వాటిలో చాలా భాగం కోలుకుని పిల్లలు పెట్టాయి.

వేగంగా బతికినా నింపాదిగా బతికినా, అన్నిటిలోనూ చెలామణి అయ్యే శక్తి నాణెం ఒక్కటే: ఏటీపీ అనే అణువు. మన ఒంట్లో దాని నిల్వ బహు స్వల్పం. విరిగినదాన్నే మళ్లీ మళ్లీ కూర్చుకుంటూ రోజుకు దాదాపు మన బరువంత ఏటీపీ వాడేస్తాం. ఆ కూర్పు చేసే ఎంజైము సెకనుకు వందసార్లకు పైగా గిర్రున తిరుగుతుంది.

ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో గుర్తించినవారు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. ఫాస్ఫరస్‌ను నీలిరంగు లేతగా, ముదురుగా రావడాన్నిబట్టి కొలిచే పద్ధతికి 1925 నుంచీ ఫిస్కే–సుబ్బారావుల పేరే ఉంది. జీవశాస్త్రం చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక్క మనవి: బోర్డు మీద ఏటీపీ అని రాసినప్పుడు, పక్కనే సుబ్బారావు గారి పేరూ రాయండి.