అట్టడుగు అంకె, అన్నిటికన్నా గట్టి పట్టు

పంటికి అంటించే పదార్థాలన్నిటినీ వరసగా యంత్రంలో పెట్టి లాగి, ఏది ఎంత బలానికి ఊడిందో రాసుకుంటూ పోతే, పట్టికలో అట్టడుగున చేరే పేరు గ్లాస్ అయనోమర్ సిమెంటు. అవే పదార్థాలను మనుషుల నోళ్లలో పెట్టి, ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండి, ఎన్ని ఊడాయో లెక్క తీస్తే అన్నిటికన్నా తక్కువ ఊడింది కూడా అదే. పళ్ల వైద్యంలో ఇంతకు మించిన వింత నాకు కనబడలేదు.

అంకెలు చూడండి. పంటి పైపొర ఎనామెల్‌కు మామూలు గ్లాస్ అయనోమర్ పట్టు సుమారు 3 నుంచి 7 మెగాపాస్కల్. దాని కిందుండే డెంటిన్‌కు ఇంకా తక్కువ. రెసిన్ కలిపిన రకం కాస్త పైన నిలుస్తుంది. పంటి రంగులో ఉండే కాంపోజిట్‌ను దాని జిగురుతో అంటిస్తే 20 నుంచి 30 దాకా, కొన్ని పరీక్షల్లో 40 పైకి కూడా పోతుంది. 5 మెగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు అరకిలో బరువు.

ఇక నోట్లో జరిగిన సంగతి. చిగురు పక్కన పన్ను అరిగి గాడి పడుతుంది. బొగ్గుపొడితోనో ఇటుకపొడితోనో పళ్లు తోమేవాళ్లలో, బ్రష్షుతో అడ్డంగా గట్టిగా రుద్దేవాళ్లలో ఇది ఎక్కువ. ఆ గాడిలో ఫిల్లింగ్‌ను ఇరికించి నిలబెట్టడానికి అంచుగానీ గోడగానీ ఉండవు, అతుకు ఒక్కటే దిక్కు. అందుకే పరిశోధకులు జిగుళ్ల సత్తా తేల్చడానికి ఆ చోటునే ఎంచుకుంటారు. బెల్జియంలోని లువెన్ విశ్వవిద్యాలయానికి చెందిన దంత పరిశోధకులు అలాంటి పరీక్షలను ఒకచోట చేర్చి 2005లో ప్రచురించారు. గ్లాస్ అయనోమర్ ఏడాదికి సగటున 1.9 శాతం విఫలమైంది. ఆమ్లం పూసి, కడిగి, మూడు అంచెల్లో వేసే జిగురు 4.8 శాతం. దాన్నే రెండంచెలకు కుదించిన రకం 6.2 శాతం. అన్నీ ఒకే అంచెలో ముగిసే రకం 8.1 శాతం.

ఈ శాతాల తేడా ఎవరికి తగులుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు, నెల్లూరు తీరాన బోగోలు మండలం ఉంది. ఒకపక్క బిట్రగుంట రైల్వే ఊరు, ఇంకోపక్క జువ్వలదిన్నె చేపల రేవు. వేటకు పోయేవాళ్లకు, కూలికి పోయేవాళ్లకు ఫిల్లింగ్ ఊడిందంటే డాక్టరు ఫీజుతో పోదు, ఒక రోజు సంపాదన కూడా పోతుంది. ఆ ఇళ్లలో 1.9కీ 8.1కీ ఉన్న తేడా తెలుస్తుంది. యంత్రం చెప్పే మెగాపాస్కల్‌తో వాళ్లకు పని లేదు.

యంత్రం కొలిచింది దేన్ని?

ప్రయోగశాలలో పరీక్ష ఇలా సాగుతుంది. పీకేసిన పన్నును తెచ్చి, పైభాగం చదునుగా అరగదీసి, దానిమీద మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున సిమెంటు దిమ్మ పోస్తారు. 37 డిగ్రీల నీళ్లలో ఒక రోజు ఉంచుతారు. తర్వాత పక్కనుంచి నెట్టో, పైకి లాగో ఊడగొడతారు. మనిషి పళ్లు దొరక్కపోతే ఎద్దు పళ్లు వాడటానికి అంతర్జాతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది.

అసలు కథ ఊడిన తర్వాత మొదలవుతుంది. పంటిని సూక్ష్మదర్శిని కింద పెడితే గ్లాస్ అయనోమర్ చాలాసార్లు అతుకు దగ్గర విడిపోయి ఉండదు. విరిగింది సిమెంటు దిమ్మ మధ్యలో. పంటిమీద దాని పలుచని పొర అలాగే అంటుకుని ఉంటుంది. మైదా జిగురుతో గోడకు అంటించిన సినిమా పోస్టరును లాగితే కాగితం చిరుగుతుంది తప్ప గోడకు కరుచుకున్న పొర రాదు కదా, ఇదీ అంతే. అంటే ఆ 5 మెగాపాస్కల్ అతుకు బలం కాదు, సిమెంటు ఒంటి బలం. అతుకు అంతకన్నా గట్టిదని మాత్రమే ఆ పరీక్ష చెబుతోంది. ఎంత గట్టిదో చెప్పే లోపే సిమెంటు విరిగిపోతోంది.

ఇంకో విశేషం కూడా ఇక్కడే ఉంది. 1994లో జపాన్ పరిశోధకులు సానో, ఆయన సహచరులు ఒక చదరపు మిల్లీమీటరు అంత చిన్న ముక్కలతో పరీక్షించే పద్ధతి తెచ్చారు. ముక్క చిన్నదయ్యేకొద్దీ అంకె పెరిగింది. జిగురు అదే, పన్ను అదే. పెద్ద ముక్కలో ఎక్కడో ఒకచోట లోపం ఉండే అవకాశం ఎక్కువ, చిన్న ముక్కలో తక్కువ, అందుకే ఆ తేడా. కాబట్టి రెండు వేరే ప్రయోగశాలల అంకెలను పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అనడం తప్పు. కంపెనీల కరపత్రాలు చేసేది ఎక్కువగా అదే పని. అది నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

గాజుపొడి, పుల్లని ద్రవం

ఈ సిమెంటు లండన్‌లో ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో పుట్టింది. అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ అనే ఇద్దరు 1969లో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నారు, 1972లో బ్రిటిష్ డెంటల్ జర్నల్ ద్వారా పళ్ల డాక్టర్ల ముందు పెట్టారు. వాళ్లకన్నా ఒక అడుగు ముందు, 1968లో, మాంచెస్టర్‌లో డెనిస్ స్మిత్ పాలీయాక్రిలిక్ ఆమ్లంతో జింక్ సిమెంటు చేశాడు. పంటికి రసాయనికంగా అంటుకున్న తొలి సిమెంటు అదే. విల్సన్, కెంట్ ఆ ఆమ్లాన్నే తీసుకుని, జింక్ బదులు గాజు పెట్టారు.

అది కిటికీ గాజు కాదు. ఇసుకలోని సిలికా, అల్యూమినా, కాల్షియం ఫ్లోరైడ్ లాంటివి కలిపి 1200 డిగ్రీలకు పైన కరిగించి, ఉన్నపళంగా నీళ్లలో పోసి, మెత్తగా నూరిన పొడి. ఆ పొడిలో పుల్లని ద్రవం కలపగానే ఆమ్లం గాజును కొరకడం మొదలుపెడుతుంది. ముందు కాల్షియం, తర్వాత మెల్లగా అల్యూమినియం బయటికొచ్చి ఆమ్లపు గొలుసులను కట్టిపడేస్తాయి. అదే సమయంలో ఆ గొలుసులు పంటినీ కొరుకుతాయి. పంటిలోని కాల్షియంతో నేరుగా బంధం వేసుకుంటాయి. 2000లో జపాన్‌కు చెందిన యోషిదా బృందం ఎక్స్‌రే పరీక్షతో ఈ బంధాన్ని కళ్లకు కట్టింది. ఆమ్లపు గొలుసులోని చేతుల్లో సుమారు మూడింట రెండు వంతులు పంటి ఖనిజాన్ని పట్టుకున్నాయని తేల్చింది.

కాంపోజిట్ పట్టు వేరే రకం. దాని జిగురు డెంటిన్‌లోని కొల్లాజెన్ పోగుల మధ్యకు ఇంకి, అక్కడ గట్టిపడి పట్టుకుంటుంది. మొదటి రోజు ఆ పట్టుకు సాటి లేదు. కానీ నోరు ఎప్పుడూ తడి. నీరు, డెంటిన్‌లోనే ఉండే ఎంజైములు కలిసి ఆ పోగులను ఏళ్ల మీద తినేస్తాయి. పైగా కాంపోజిట్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతూ అతుకును తనవైపు లాగుతుంది. గ్లాస్ అయనోమర్‌లో నీరు మొదటినుంచీ ఒక భాగం, తడికి అది బెదరదు. వేడి కాఫీకీ చల్లని మజ్జిగకీ అది వ్యాకోచించే తీరు దాదాపు పంటిదే. అట్టడుగు అంకె ఇన్నేళ్లు ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

తొలి ఫిల్లింగ్, తొలి రంధ్రం

పంటిని ఏదో ఒకదానితో నింపాలన్న ఆలోచన కొత్తది కాదు. స్లొవేనియాలో దొరికిన ఒక మనిషి దవడలో 6500 ఏళ్ల నాటి తేనెమైనం ఫిల్లింగ్ ఉందని 2012లో బయటపడింది. మన ఉపఖండానికి ఇంకా పాత రికార్డు ఉంది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో తొమ్మిది మంది పెద్దవాళ్ల పదకొండు దవడపళ్లకు చెకుముకి మొనతో పెట్టిన రంధ్రాలు దొరికాయి. వాటి వయసు 7500 నుంచి 9000 ఏళ్లు. బతికుండగానే పెట్టినవని, ఆ తర్వాత కూడా ఆ పళ్లతో నమిలారని రంధ్రాల అంచుల అరుగుదల చెబుతోంది. వాటిలో ఏం నింపారో ఆనవాలు మిగల్లేదు.

నెల్లూరు పేరుమీద నమోదైన రికార్డు

పంటి చరిత్రలో నెల్లూరుకు ఒక స్థానం ఉంది, సంతోషపడే స్థానం కాదు. తాగునీటి ఫ్లోరైడ్ మనుషుల పళ్లను, ఎముకలను ఏం చేస్తుందో మన దేశంలో మొట్టమొదట శాస్త్రీయంగా నమోదైంది ఈ జిల్లాలోనే, 1937లో. హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లాలోని ఆ ఫ్లోరైడ్ జబ్బు, అంటే ఫ్లోరోసిస్‌పై ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం రాశారు. పళ్లమీద గోధుమరంగు మచ్చలు మాత్రమే కాదు, వెన్ను బిగుసుకుపోయి వంగలేని మనుషులను వాళ్లు చూశారు. అప్పటి జిల్లా ఇప్పటికన్నా పెద్దది. ఫ్లోరైడ్ పీడకు పేరుపడ్డ కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970 దాకా నెల్లూరు జిల్లాలోవే.  

ఇప్పుడు ఆ ఫ్లోరైడే గ్లాస్ అయనోమర్‌కు పెట్టని ఆభరణం. గాజులోని ఫ్లోరైడ్ ఫిల్లింగ్ నుంచి ఊరుతుంది. మొదటి రోజు ఎక్కువగా, తర్వాత ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా. ఫ్లోరైడ్ టూత్‌పేస్టుతో తోమితే మళ్లీ కొంత పీల్చుకుంటుంది కూడా. ఫ్లోరైడ్ అంటే భయపడి పెరిగిన ఊళ్లలో సహజంగా ఒక ప్రశ్న వస్తుంది: ఇది హాని కాదా? కాదు. పళ్లపై మచ్చలు పడేది చిన్నతనంలో, చిగురు లోపల ఎనామెల్ తయారవుతున్నప్పుడు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు రోజూ తాగితే. ఫిల్లింగ్ నుంచి ఊరేది అతి కొంచెం, అది పనిచేసేది ఆ పంటి చుట్టుపక్కల.

చిక్కు వేరే చోట ఉంది. ఫ్లోరోసిస్ పంటి పైపొర ఆమ్లానికి మామూలు పంటిలా లొంగదు, దాని కిందిభాగం గుల్లగా ఉంటుంది. ఏ జిగురైనా, ఏ సిమెంటైనా ముందు ఆమ్లంతోనే తలుపు తడుతుంది కనుక, ఇలాంటి పళ్ల దగ్గర డాక్టరు పంటిని సిద్ధం చేయడంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఫ్లోరోసిస్ పళ్లమీద జరిగిన అతుకు పరీక్షల ఫలితాలు కూడా అన్నీ ఒకే దారిలో లేవు. 1937 నాటి వ్యాసం పుట్టిన జిల్లాలో నేడు దంత వైద్య కళాశాల ఉంది. ఈ పరీక్షలు ఎద్దు పళ్లమీద కన్నా ఇక్కడి పళ్లమీద ఎక్కువగా జరగాలని నా కోరిక.

తీరపు గాలిలో సిమెంటు

గ్లాస్ అయనోమర్ కలపడానికి దొరికే వ్యవధి రెండు నిమిషాల లోపే. ఎండ ముదిరితే అది ఇంకా తగ్గుతుంది. అందుకని గాజుపలకను చల్లబరిచి కలపమంటారు. కానీ బోగోలు లాంటి తీరపు ఊళ్లలో గాలినిండా తేమ. పలక మరీ చల్లబడితే దానిమీద సన్నని నీటి తుంపర పడుతుంది, అది సిమెంటులో కలిసి బలాన్ని దిగలాగుతుంది. కాబట్టి చల్లగా ఉండాలి, చెమ్మ పట్టకూడదు. పొడి డబ్బా మూత తీసి ఉంచితే పొడి తేమ పీలుస్తుంది. ద్రవం సీసా మూత తీసి ఉంచితే నీరు ఆవిరై ద్రవం చిక్కబడుతుంది. చెంచా కొలత గీసి వేయకుండా పొడి తగ్గించి కలిపితే పని సులువవుతుంది, సిమెంటు మాత్రం నీరసపడుతుంది. మెగాపాస్కల్ పట్టికలో ఇవేవీ కనబడవు. మంచి చేయి పడితే నిలిచే ఫిల్లింగ్, తొందర చేయి పడితే ఊడేది ఇందుకే.

అతికించే ముందు పంటిని 10 శాతం పాలీయాక్రిలిక్ ఆమ్లంతో 20 సెకన్లు తుడిచి కడగడం కూడా అంతే ముఖ్యం. డ్రిల్లు నూరిన మురికి పొర మీద వేసిన సిమెంటు ఆ మురికికే అంటుకుంటుంది, పంటికి కాదు.

కరెంటు అక్కర్లేని వైద్యం

1980ల మధ్యలో టాంజానియాలో యో ఫ్రెంకెన్ అనే డచ్ దంతవైద్యుడు కరెంటు, డ్రిల్లు లేకుండా చేతి పనిముట్లతోనే పుచ్చును గీకి తీసి నింపే పద్ధతి మొదలుపెట్టాడు. 1994 ప్రపంచ ఆరోగ్య దినం దంతారోగ్యానికి కేటాయించినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది. దానికి ప్రాణం పోసింది గ్లాస్ అయనోమరే. లైటు వేసి గట్టిపరచే పని లేదు, నొప్పి సూది చాలాసార్లు అక్కర్లేదు. వ్యాజిలిన్ రాసిన వేలితో నొక్కి, మిగిలింది తుడిచేస్తే సరి. బడి పిల్లలను వరసగా బల్లమీద పడుకోబెట్టి చేసేయొచ్చు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోకి ఫ్లోరైడ్ టూత్‌పేస్టుతో పాటు ఈ సిమెంటు కూడా చేరింది.



    

ఎక్కడ వాడకూడదు

పట్టు ఎంత గట్టిదైనా ఒంటి బలం తక్కువే. నమిలే దవడపంటిలో రెండు పళ్ల మధ్య గోడ కూలిన పెద్ద గుంతకు మామూలు గ్లాస్ అయనోమర్ తగదు, అతుకు ఊడక ముందే నడిమికి విరుగుతుంది. 1994లో ఐరోపా నుంచి ఇంకా తీవ్రమైన హెచ్చరిక వచ్చింది. చెవి, పుర్రె శస్త్రచికిత్సల్లో ఎముక సిమెంటుగా వాడినప్పుడు అందులోని అల్యూమినియం మెదడుకు చేరి ప్రాణాలు పోయాయి. పంటికి ఆ ప్రమాదం లేదు. పంటిలో పెట్టిన సిమెంటు మెదడు ద్రవాన్ని తాకదు.

పాలపళ్లకు, చిగురు పక్క గాడులకు, క్యాపులు అతికించడానికి, పుచ్చు మళ్లీ మళ్లీ వచ్చే నోళ్లకు ఇది మొదటి ఎంపిక. వేయించుకున్నాక డాక్టరు పైన వ్యాజిలిన్‌గానీ వార్నిష్‌గానీ పూశారో లేదో అడగండి. అది లేకపోతే మొదటి గంటల్లో ఉమ్మి తగిలి పైపొర కరుగుతుంది, ఆరిపోతే బీటలు వారుతుంది. ఒక గంట ఏమీ తినకండి. ఆ రోజంతా ఆ పక్కన గట్టివి నమలకండి, సిమెంటు లోపల అల్యూమినియం ఇంకా తన పని చేసుకుంటూనే ఉంటుంది.