చక్రాల ఇల్లు – తీరపు విందు

ఇల్లు విడిచి వెళ్లడమే ప్రయాణమని మనం సాధారణంగా భావిస్తాం. కాని ఇంటినే వెంటబెట్టుకొని బయలుదేరే యాత్రికులు కూడా లోకంలో ఉన్నారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల రహదారులపై పడకగది, వంటగది, స్నానపుగది కలిగిన వాహనాలు విరివిగా కనిపిస్తాయి. వీటిని అక్కడివారు 'రిక్రియేషనల్ వెహికల్' అని, సంక్షిప్తంగా 'ఆర్.వి.' అని వ్యవహరిస్తారు. ఇంజను తనలోనే ఉండి స్వయంగా నడిచేది మోటార్ హోమ్. మరొక వాహనం వెనుక తగిలించి లాగించుకొనేది ట్రెయిలర్. రెండింటినీ మనం 'చక్రాల ఇల్లు' అనుకోవచ్చు.

ఈ సంప్రదాయానికి శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. 1910లో న్యూయార్క్ నగరంలో ప్రదర్శించిన పియర్స్-యారో కారులో వెనుక ఆసనం పడకగా మారేది. 1936లో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ వెండిలా మెరిసే అల్యూమినియం ట్రెయిలర్‌ను రూపొందించింది. ప్రసిద్ధ నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ 1960లో ఇటువంటి వాహనంలోనే తన పెంపుడు కుక్కతో దేశమంతా తిరిగాడు. ఆ వాహనానికి ఆయన పెట్టుకొన్న పేరు 'రోసినాంటే'. అది డాన్ క్విక్సోట్ గుర్రం పేరు. ఆ అనుభవాలతో ఆయన రచించిన యాత్రాగ్రంథం 1962లో వెలువడింది.

అమెరికాలో సెప్టెంబరు మాసపు మొదటి సోమవారం శ్రామిక దినోత్సవం. 1894లో దీనిని జాతీయ సెలవుదినంగా చట్టబద్ధం చేశారు. శని, ఆదివారాలతో కలిసి మూడు దినాల విరామం లభిస్తుంది. కాలిఫోర్నియా లోయలోని ఫ్రెస్నో నగరం నుంచి ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఈ విరామంలో తమ చక్రాల ఇంటితో బయలుదేరారనుకొందాం. వారి ఊరిలో ఎండ ఇంకా మండిపోతూ ఉంటుంది. కొండలు దాటి సుమారు మూడు గంటలు ప్రయాణిస్తే పసిఫిక్ మహాసముద్రపు చల్లగాలి ఎదురువస్తుంది. ఆ గాలి వీచే చిన్న ఊరే పిస్మో బీచ్. ఆ తీరపు ఆదివాసులైన చుమాష్ ప్రజల భాషలో తారును తెలిపే పదం నుంచి ఈ పేరు ఏర్పడింది.

ఇక్కడ మనకొక సందేహం కలుగుతుంది. పొయ్యి, శీతల పేటిక, గిన్నెలు అన్నీ వెంట ఉండగా ఆ దంపతులు భోజనశాలలకు ఎందుకు వెళ్లాలి? మొదటి కారణం నీరు. చక్రాల ఇంట్లో మంచినీటికి ఒక తొట్టి, కడిగిన నీటికి వేరొక తొట్టి, మరుగుదొడ్డికి ఇంకొక తొట్టి ఉంటాయి. పిస్మోలో సముద్రపుటొడ్డున ఉన్న ప్రభుత్వ విడిదిలో వాహనాలకు నేరుగా నీటి గొట్టాన్ని గాని, విద్యుత్తును గాని కలుపుకొనే వసతి లేదు. అందువల్ల పాత్రలు తోమిన ప్రతిసారీ ఒక తొట్టి తరుగుతుంది, మరొకటి నిండుతుంది. అంతేకాక, ఇరుకైన ఇంటిలో చేప వేయిస్తే ఆ వాసన రాత్రంతా పడకను వదలదు.

రెండవ కారణం ఇంతకంటే లోతైనది. ఎంత దూరం వెళ్లినా సొంత వంటనే తినేవాడు సొంత ఇంట్లోనే ఉన్నట్లు లెక్క. ఊరివారు వండినది, ఊరివారి మధ్య కూర్చొని తిన్నప్పుడే ఆ ఊరు అతనికి పరిచయమవుతుంది. ఈ సత్యం మన పూర్వులకు తెలియనిది కాదు. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు వీధులను చూపించిన కవి పూటకూళ్ల ఇంటిని విస్మరించలేదు. నగరాన్ని చూడటమంటే దాని రుచిని కూడా ఎరగడమే.

విడిది నుంచి ఊరు నడిచి వెళ్లగలిగినంత దగ్గర. వాహనాన్ని కదిలిస్తే పరిచిన సామగ్రినంతా మళ్లీ సర్దుకోవాలి గనుక చాలామంది కాలినడకన గాని, సైకిళ్లపై గాని వెళతారు. ఉదయం వేడి దాల్చినచెక్క రొట్టెచుట్టలు, సాయంకాలం సముద్రంలోకి చొచ్చుకుపోయిన వారధి చెంత భోజనం. పండుగ దినాలలో ద్వారం వద్ద బారులు తీరి నిలబడక తప్పదు. ఆ ప్రాంతపు ప్రత్యేక వంటకం శాంతా మారియా పద్ధతి మాంసం. ఎర్ర ఓక్ కట్టెల నిప్పులపై గోమాంసాన్ని కాల్చి, పింక్విటో అనే చిన్న చిక్కుడు గింజలతో, కాల్చిన రొట్టెతో వడ్డిస్తారు. పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడి పశువుల కాపరుల సామూహిక భోజనాల నుంచి ఈ పద్ధతి పుట్టింది.

అయితే పిస్మో పేరు చెప్పగానే గుర్తుకువచ్చేది ఆల్చిప్పల చారు. ఆల్చిప్ప మాంసాన్ని బంగాళాదుంపలు, ఉల్లి, పాలతో చిక్కగా ఉడికించి, లోపలి గుజ్జు తీసిన పుల్లని రొట్టెలో పోసి ఇస్తారు. చారు తాగిన తరువాత గిన్నెను కూడా తినవచ్చు! ఊరి వీధులలో ఆల్చిప్పల బొమ్మలు నిలిపి, ఏటేటా వాటి పేర ఉత్సవం జరుపుతారు. కాని ఆ దంపతుల చేతిలోని రొట్టె గిన్నెలో పిస్మో ఆల్చిప్ప ఉండదు. అది ఇతర తీరాల నుంచి తెచ్చినది.

ఇందుకు కారణం మనుషుల ఆశ. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్లలో ఆ ఇసుకలో ఆల్చిప్పలు అపారంగా ఉండేవి. గుర్రాలు పూన్చిన నాగళ్లతో తీరాన్ని దున్ని, వాటిని ఏరి, పందులకూ కోళ్లకూ కూడా మేపారు. తరగని నిధి అనుకొన్నది తరిగిపోయింది. వ్యాపారార్థం సేకరించడం 1947తో ముగిసింది. తరువాతి దశాబ్దాలలో వాటిని తినే సముద్రపు నీరుపిల్లులు తిరిగి ఆ తీరానికి చేరడం వల్ల కూడా సంఖ్య తగ్గింది. నేడు అనుమతిపత్రం ఉన్న వ్యక్తి దినానికి పదింటిని మాత్రమే తీసుకోవచ్చు. ఆ తీరంలో ఒక్కొక్కటి నాలుగున్నర అంగుళాలకు తక్కువ కాకూడదు. చిన్నదైతే వెంటనే ఇసుకలో తిరిగి పూడ్చాలి. అంత పరిమాణానికి ఎదగడానికి ఒక ఆల్చిప్పకు చాలా సంవత్సరాలు పడుతుంది. ఇటీవల ఆ ఇసుకలో చిన్న ఆల్చిప్పలు మళ్లీ విరివిగా కనిపించడం ఆశ కలిగించే విషయం.

మరొక సంగతి కూడా గమనించదగినది. శ్రామికుల గౌరవార్థం ఏర్పడిన ఆ సెలవునాడు భోజనశాలల శ్రామికులకు మాత్రం సెలవు ఉండదు. ఇతరులు విశ్రమించడం కోసం వారు మరింత శ్రమిస్తారు. భోజనం వెలకు పైన పదిహేను నుంచి ఇరవై శాతం వరకు వడ్డించినవారికి ఇవ్వడం అక్కడి ఆచారం. కాలిఫోర్నియా చట్టం ప్రకారం యజమాని దానిని కనీస వేతనంలో భాగంగా లెక్కించరాదు. అది శ్రమకు అతిథి చూపే మర్యాద.

సోమవారం మధ్యాహ్నం ఆ దంపతులు తొట్లు ఖాళీ చేసి, సామాను సర్ది, తమ ఇంటిని తామే తోలుకొని వెళ్లిపోతారు. ఊరు మాత్రం అక్కడే ఉంటుంది. వచ్చిపోయేవారికి ఆ తీరం మూడు దినాల విందు. ఉండేవారికి అది నిత్యజీవనం. చక్రాల ఇంటిని ఎక్కడికైనా కదిలించవచ్చు. కాని ఒక తీరపు రుచిని అక్కడి ఇసుక, అక్కడి నీరు, అక్కడి మనుషుల శ్రమ కలిసి పోషించాలి. చిన్న ఆల్చిప్పను తిరిగి ఇసుకలో పూడ్చిన చెయ్యి రేపటి అతిథికి కూడా విస్తరి వేసినట్లే.

అభ్యాసం

1. చక్రాల ఇంట్లో వంటగది ఉన్నా యాత్రికులు భోజనశాలలకు వెళ్లడానికి గల కారణాలను వివరించండి.
2. పిస్మో తీరంలో ఆల్చిప్పలు తగ్గిపోయిన తీరును, వాటి రక్షణకు గల నియమాలను తెలపండి.
3. శ్రామిక దినోత్సవాన్ని గురించి రచయిత గమనించిన వైరుధ్యం ఏమిటి?
4. మీ ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక ఆహారపదార్థం, దానిని పోషించే ప్రకృతి, మనుషుల శ్రమ – ఈ అంశాలపై ఒక వ్యాసం రాయండి.