తలుపుకు అంటించిన ఉత్తర్వు

మా బత్తలపల్లి పక్క పొలం తగాదా వస్తే మొదట వినబడేది ‘స్టే తెచ్చినాను’ అనే మాట. అంతటితో గెలిచినట్టే అనుకుంటారు. కోర్టు అమీనాగా పనిచేసి రిటైరైనవాణ్ణి, నా లెక్కలో అసలు కత ఆ కాగితం వచ్చినాకనే మొదలు.

ధర్మవరం కోర్టులో పొద్దున ఇంజంక్షన్ ఇస్తే, సాయంత్రానికి అవతలివాడు జేసీబీ తెచ్చి గట్టు చదును చేసేస్తాడు. అడిగితే ‘నాకేం తెలుసు సామీ, నాకెవరు చెప్పినారు’ అంటాడు. ఆ మాట అబద్ధమని తేలితేగానీ శిక్ష పడదు. ఉత్తర్వు ఉన్నట్టు తెలిసుండాలి, తెలిసీ కావాలనే మీరి ఉండాలి. అందుకే ఒక పక్షం మాట మాత్రమే విని ఇచ్చిన ఉత్తర్వైతే, తెచ్చుకున్నవాడు పిటిషన్, అఫిడవిట్, కాగితాల నకళ్లన్నీ అవతలివానికి పంపాలి. పంపినట్టు అదే రోజో మర్నాడో కోర్టుకు అఫిడవిట్ ఇవ్వాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు 3వ రూల్ ఇది. ఈ పని చేయకుండా స్టే కాపీని లామినేషన్ చేయించి బీరువాలో దాచుకున్నవాళ్లను చూసినాను.

నా పని కాగితం ముట్టజెప్పడం. శెనక్కాయ కోతల్లో పోతే ఇంట్లో మనిషి దొరకడు. ఆ మనిషి లేకుంటే ఆ ఇంట్లోనే ఉండే మేజరైన కుటుంబసభ్యులకు ఇవ్వొచ్చు, జీతగానికి ఇస్తే చెల్లదు. తీసుకోనని మొండికేస్తే తలుపుకు అంటించి, ఎప్పుడు ఎట్లా అంటించినానో, ఆ ఇల్లు చూపించిందెవరో, సాక్షిగా నిలబడిందెవరో రాసి కోర్టుకు రిపోర్టు పెట్టాలి. ఒక ఊర్లో ముసలామె ‘తలుపుకు అంటించొద్దు నాయనా, ఊరంతా చూస్తారు, నాకియ్యి’ అని చెయ్యి చాపింది. కొడుకు అప్పటికే దొడ్డిదారిన పోయినాడు.

ఉత్తర్వును మీరితే, దాన్నిచ్చిన కోర్టే 39వ ఆర్డరు 2ఏ రూల్ కింద ఆస్తి జప్తు చేయొచ్చు, 3 నెలల దాకా సివిల్ జైల్లో పెట్టొచ్చు. జప్తు ఏడాది దాకా ఉంటుంది. అప్పటికీ దారికి రాకుంటే ఆ ఆస్తి అమ్మి, నష్టపోయినవానికి పరిహారం ఇప్పించొచ్చు. ఇదంతా కేసు నడిచేటప్పుడు ఇచ్చే ఉత్తర్వుకు. తీర్పు వచ్చి డిక్రీ అయినాక 21వ ఆర్డరు 32వ రూల్ కింద అమలు పిటిషన్ వేసుకోవాలి. హైకోర్టు ఉత్తర్వును మీరితే 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం ఉంది: 6 నెలల దాకా నిర్బంధం, 2,000 రూపాయల దాకా జరిమానా. ఏడాదిలోపు కోర్టుకు పోవాలి. రెండు వేలంటే ఈరోజుల్లో జేసీబీకి ఒకటి రెండు గంటల బాడుగ!

అట్లని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో గుంటూరు కేసు చెప్తుంది. 2013 డిసెంబరులో హైకోర్టు ఆపమన్నా, 2014 జనవరిలో తహసీల్దారు పేదల గుడిసెలు కూల్పించినాడు. 2015లో హైకోర్టు 2 నెలల జైలు, జరిమానా వేసింది. అప్పీళ్లు నడుస్తుండగా ఆయన డిప్యూటీ కలెక్టరైనాడు. 2025 మేలో సుప్రీంకోర్టు జైలు తప్పించింది గానీ, ఆయన్ను తిరిగి తహసీల్దారును చేసి లక్ష రూపాయలు కట్టమంది. నన్నడిగితే జైలుకన్నా అదే గట్టి దెబ్బ. అంతకుముందు 2022 మార్చి 31న, బడి ఆవరణల్లో సచివాలయాలు కట్టొద్దన్న ఉత్తర్వును పట్టించుకోలేదని మన హైకోర్టు 8 మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలు శిక్ష వేసింది. వాళ్లు క్షమాపణ చెప్పుకున్నాక, ఏడాదిపాటు నెలకొక రోజు సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమంది.

మన పిల్లలు చాలామంది చేరిన ఆస్ట్రేలియాలో పద్ధతి నాకు నచ్చింది. అక్కడి ఫెడరల్ కోర్టులో మీరితే జైలని ఉత్తర్వు కాపీ మీదే రాసి, ఆ మనిషి చేతికే ఇవ్వాలి. 1995లో విథమ్ కేసులో అక్కడి హైకోర్టు, సివిల్ ఉత్తర్వు ధిక్కారాన్నైనా క్రిమినల్ కేసులో మాదిరే సందేహం లేకుండా రుజువు చేయాలంది. మన సుప్రీంకోర్టూ దీన్ని సగం క్రిమినల్ వ్యవహారంగానే చూస్తుంది. మన ఉత్తర్వు కాపీ మీద కూడా ఆ హెచ్చరిక పెద్దక్షరాల్లో ఉంటే నాకు సగం వాదన తప్పేది.

‘ఆ కోర్టుకు అసలు అధికారమే లేదు, నేనెందుకు వినాలి’ అనేవాళ్లూ ఉంటారు. ఉత్తర్వు తప్పనిపిస్తే రద్దు చేయమని 39వ ఆర్డరు 4వ రూల్ కింద అదే కోర్టును అడగొచ్చు. రద్దయ్యేదాకా మాత్రం వినాల్సిందే. అధికారం లేదని తర్వాత తేలినా, అంతకుముందు మీరినందుకు శిక్ష తప్పదని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది.