నురుగుతో నీటిని కడిగే గొట్టం

ఉప్పునీటి అక్వేరియం పెంచేవాళ్ళ ఇంట్లో అద్దాల తొట్టి కింద అల్మారా తలుపు తీస్తే, నిలువుగా ఒక పారదర్శకమైన గొట్టం కనిపిస్తుంది. లోపల కిందినుంచి పైదాకా తెల్లటి సన్న బుడగలు. గొట్టం తలమీద ఒక కప్పు, ఆ కప్పులో ముదురు గోధుమరంగు ద్రవం. మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సిందే. తళతళలాడే పై తొట్టి నీళ్ళలోంచే ఇదంతా వచ్చిందంటే కొత్తవాళ్ళు ఓ పట్టాన నమ్మరు. ఈ గొట్టం పేరు ప్రొటీన్ స్కిమ్మర్. దుకాణంలో కొంటే వేలల్లో పలుకుతుంది. అందుకే పీవీసీ పైపు, రంపం చేతపట్టి సొంతంగా చేసుకునేవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు.

ముందు దీని అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. చేపలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జన, ఒంటిమీది జిగురు అన్నీ నీళ్ళలో కరుగుతాయి. వాటిలో ప్రొటీన్ ఉంటుంది, ప్రొటీన్ బరువులో దాదాపు 16 శాతం నైట్రోజన్. అది కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. మామూలు ఫిల్టర్ల పని అక్కడితో సరి. నైట్రేట్ మాత్రం తొట్టిలోనే పోగవుతూ ఉంటుంది. మంచినీటి చేపలు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. పగడపు దిబ్బల జీవులు తట్టుకోలేవు, అవి పుట్టి పెరిగిన నీటిలో నైట్రేట్ లేనట్టే లెక్క. మిగతా ఫిల్టర్లన్నీ వ్యర్థాలు కుళ్ళాక పని మొదలుపెడితే, స్కిమ్మర్ వాటిని కుళ్ళకముందే ఎత్తి అవతల పారేస్తుంది. దాని గొప్పంతా ఇదే.

ఆ ఎత్తే పని చేసేది నీటిపొర. ప్రొటీన్ అణువులో నీళ్ళంటే ఇష్టపడే భాగాలుంటాయి, నీళ్ళకు దూరం జరిగే భాగాలూ ఉంటాయి. గాలీ నీరూ కలిసే సరిహద్దు దొరికితే అది అక్కడ తిష్ఠ వేస్తుంది, ఒక కొస నీటిలో, మరో కొస గాలిలో. పప్పు ఉడికేటప్పుడు గిన్నె అంచు దాటి పొంగే నురుగులోనూ ప్రొటీన్‌దే ముఖ్యపాత్ర. బుడగ అంటే గాలిని చుట్టుకున్న సరిహద్దే కాబట్టి, నీళ్ళలోకి బుడగలు వదిలితే ప్రొటీన్‌కు కావలసినంత చోటు దొరుకుతుంది.

ఈ నీటిపొర శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఒకరు విశ్వవిద్యాలయం గడప తొక్కని మహిళ. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఆగ్నెస్ పోకెల్స్ అనే అమ్మాయికి చదవాలని ఉన్నా, ఆ రోజుల్లో ఆడపిల్లలను విశ్వవిద్యాలయాల్లో చేర్చుకునేవారు కాదు. ఇంట్లో అమ్మానాన్నలను చూసుకుంటూ, అంట్లు తోమే నీటిమీద జిడ్డు, సబ్బు చేసే మాయను గమనిస్తూ ఉండేది. 1880ల తొలినాళ్ళలో ఒక రేకుతొట్టి చేయించి, నీటిమీద అడ్డంగా ఒక రేకుపట్టీని జరుపుతూ, పైపొర ఎంత ఇరుకైతే తలతన్యత ఎంత మారుతుందో కొలిచింది. దాదాపు పదేళ్ళ తర్వాత, 1891 జనవరిలో, ఇంగ్లండులోని భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన భార్య దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. రేలీ దాన్ని తన పేరుతో వాడుకోకుండా ‘నేచర్’ పత్రికకు పంపాడు. అదే ఏడాది మార్చిలో అచ్చయింది. తర్వాత అమెరికన్ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఆమె తొట్టి పద్ధతినే మెరుగుపరుచుకుని వాడాడు, ఉపరితల రసాయనశాస్త్రానికి 1932లో నోబెల్ అందుకున్నాడు. స్కిమ్మర్‌ను ఇంట్లో చేసుకుంటే చిన్నచూపు చూసేవాళ్ళకు నేనీ కథ చెబుతుంటాను. ఈ శాస్త్రం పుట్టిందే వంటింట్లో.

బుడగలతో వస్తువులను వేరుచేయడం పరిశ్రమకు తెలిసింది గనుల్లో. 20వ శతాబ్దం తొలి దశకంలో ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో, పనికిరాదని పారబోసిన మట్టిగుట్టల్లోంచి జింకు ఖనిజాన్ని నురుగుమీద తేల్చి తీశారు. అక్వేరియం వైపు ఈ ఆలోచన చేరడానికి ఇంకో యాభై ఏళ్ళు పైనే పట్టింది.

అక్వేరియం కథలో మొదట స్కిమ్మరే లేదు. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, జీవులతో నిండిన సముద్రపు రాళ్ళు, కొద్దిగా గాలి బుడగలు ఉంటే చాలు, తొట్టి తనను తాను చూసుకుంటుందని 1961లో ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. సముద్రం పక్కన ఉన్నవాడికి అది సాధ్యమే. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న జర్మన్లకు ఇంకేదో కావాలి. శాండర్, టుంజే వంటి కంపెనీలు నురుగు గొట్టాలను మార్కెట్లోకి తెచ్చాయి. పీటర్ విల్కెన్స్, బెర్లిన్ అభిరుచిపరులు సజీవ రాళ్ళు, బలమైన దీపాలు, బలమైన స్కిమ్మర్ అనే మూడింటిని జోడించారు. దాన్నే బెర్లిన్ పద్ధతి అంటారు. అమెరికా మాత్రం దారి తప్పింది. 1986లో జార్జ్ స్మిట్ వ్యాసాలతో అక్కడ ప్లాస్టిక్ బంతులమీద నీళ్ళు చిలకరించే ఫిల్టర్ల మోజు పట్టుకుంది. అవి నైట్రేట్‌ను బ్రహ్మాండంగా తయారుచేశాయి, తీసేసే దారి మాత్రం చూపలేదు. 1990లలో అక్కడివాళ్ళూ బంతులు పక్కనబెట్టి నురుగు దగ్గరికే వచ్చారు. (మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. మన తీరంలో వాటిని ఏరి తెచ్చుకోవడం నేరం.)

మంచినీటి తొట్టిలో ఈ గొట్టం ఎందుకు పెట్టరని చాలామంది అడుగుతారు. కారణం ఉప్పు. మంచినీటిలో సన్న బుడగలు ఒకదానికొకటి తగలగానే కలిసిపోయి పెద్దవవుతాయి. తగినంత ఉప్పున్న నీటిలో అలా కలవవు, సన్నగానే ఉండిపోతాయి. ఏయే లవణాలు బుడగలను కలవకుండా ఆపుతాయో విన్సెంట్ క్రెయిగ్, బ్యారీ నిన్‌హమ్, రిచర్డ్ పాష్లీ 1993లో ‘నేచర్’లో వివరంగా రాశారు. బుడగ సైజు ఎంత ముఖ్యమో చిన్న లెక్క చెబుతుంది. లీటరు గాలిని 5 మిల్లీమీటర్ల బుడగలుగా చేస్తే మొత్తం ఉపరితలం 1.2 చదరపు మీటర్లు. 1 మిల్లీమీటరు బుడగలుగా చేస్తే 6. అర మిల్లీమీటరుకు దించితే 12. గాలి అదే, పంపు అదే, ప్రొటీన్‌కు దొరికే చోటు పదింతలు.

ఇంట్లో చేసుకునే స్కిమ్మర్లలో తేలికైనది గాలి పంపుతో, చెక్క ఎయిర్ స్టోన్‌తో నడిచే గొట్టం. లైమ్‌వుడ్ అనే చెక్కముక్క సూక్ష్మరంధ్రాల్లోంచి గాలి చాలా సన్నగా వస్తుంది. ఆ చెక్కలోంచి, దానిపైన అరవై సెంటీమీటర్ల నీటిలోంచి గాలిని నెట్టాలంటే చిన్న ఎయిర్ పంపు సరిపోదు, గట్టిది కావాలి. చెక్క కొన్ని వారాల్లో పూడుకుపోతుంది, మార్చుకోవాలి. ఇంకో పద్ధతిలో మోటారు నీళ్ళను సన్నటి మెడగుండా తోస్తుంది. మెడ దగ్గర వేగం పెరిగి ఒత్తిడి తగ్గడంతో గాలి దానంతటదే లోపలికి పీల్చుకుంటుంది. ఇటలీకి చెందిన వెంచురీ 1797లో వివరించిన సంగతే ఇది.

గొట్టంలో నీళ్ళు పైనుంచి కిందికి దిగాలి, బుడగలు కిందినుంచి పైకి రావాలి. ఎదురెదురుగా నడిస్తే అవి కలిసుండే సమయం పెరుగుతుంది. ఇక్కడే చాలా ఇంటి తయారీలు దెబ్బతింటాయి. గంటకు 600 లీటర్లు 10 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో దిగితే నీటివేగం సెకనుకు సుమారు 2 సెంటీమీటర్లు. బుడగలు అంతకంటే వేగంగా లేస్తాయి కాబట్టి పర్వాలేదు. డబ్బు కలిసొస్తుందని 5 సెంటీమీటర్ల గొట్టం వాడితే అదే నీరు సెకనుకు 8 సెంటీమీటర్లకు పైగా వేగంతో దిగుతుంది. సన్న బుడగలు కిందికి కొట్టుకుపోయి, తొట్టి నిండా పొగమంచు అవుతుంది. గొట్టం లావుగా ఉండటమే అసలు రహస్యం.

నీళ్ళు బయటికి వెళ్ళే దారి ఎయిర్ స్టోన్ కంటే కింద ఉండాలి. ఆ పైపును పక్కనే నిలువుగా పైకి లేపి, కావలసిన మట్టం దగ్గర టీ ఆకారపు అతుకు (టీ) పెట్టి, అల్మారాలో ఉండే అదనపు తొట్టిలోకి, అంటే సంపులోకి, వంచాలి. టీ పైకొస మూయకూడదు. మూస్తే సైఫన్ పట్టుకుని గొట్టం మొత్తం ఖాళీ అవుతుంది. మట్టం సర్దడానికి గేట్ వాల్వు మంచిది, బాల్ వాల్వు చిటికెడు తిప్పినా నీటి దారి ఎక్కువే మారిపోతుంది. పైన రెడ్యూసర్‌తో సన్నబడే మెడ, దానిమీద కప్పు. మెడలో నురుగు లేస్తుండగా దానిలోని నీరు జారి కిందికి పోతుంది, మిగిలిన గట్టి నురుగు కప్పులో పడుతుంది. మెడ మరీ లావైతే నురుగు అంచుదాకా ఎక్కదు, మరీ సన్నమైతే పలుచటి నీళ్ళు పడతాయి. అక్రిలిక్ అతకడానికి మనవైపు దుకాణాల్లో క్లోరోఫాం వాడతారు. కిటికీలు తెరిచి చేయాల్సిన పని అది.

కట్టిన రోజే నురుగు రాలేదని గాభరా పడనక్కర్లేదు. కొత్త ప్లాస్టిక్ మీద జిడ్డు, అతుకు మందు వాసన పోయేదాకా కొన్ని రోజులు నురుగు సరిగా నిలవదు. ఒకసారి వెనిగర్ నీళ్ళు తిప్పితే త్వరగా దారికొస్తుంది. నూనె ఉన్న మేత వేసినా, చేతులు తొట్టిలో పెట్టినా, నురుగు కూలిపోతుంది. కొన్ని గంటలు ఆగితే మళ్ళీ లేస్తుంది.

ఇంత చేశాక కప్పులో పడేది ఎంత? పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త కెన్ ఫెల్డ్‌మన్ బృందం 2009లో కొలిచింది. నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్‌లో స్కిమ్మర్లు తీసింది 20 నుంచి 30 శాతమే, మిగతాది నురుగుకు అందలేదు. పరీక్షించిన స్కిమ్మర్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కూడా కనబడలేదు. ఖరీదు పెరిగినకొద్దీ ఫలితం పెరుగుతుందన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. 2010లో కప్పులో పడే ఘనపదార్థాన్ని విశ్లేషిస్తే, అందులో చాలాభాగం కాల్షియం కార్బొనేట్, సిలికా వంటివి తేలాయి. కాబట్టి ఈ గొట్టం ఉన్నా వారవారం కొంత నీరు మార్చాల్సిందే.

ఇది కేవలం ఇళ్ళలోని ముచ్చట కాదు. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో గుడ్లు పెట్టే పెద్ద చేపలను ఉంచే పునర్వినియోగ నీటి వ్యవస్థల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. తొట్టి పెద్దది, గొట్టం పెద్దది, అంతే తేడా.

మీరు కట్టుకుంటే గనక, ఎయిర్ పంపును నీటి మట్టానికి పైన పెట్టండి, లేదా వెనక్కి రాకుండా చెక్ వాల్వు బిగించండి. కరెంటు పోగానే నీళ్ళు గాలి గొట్టంలోంచి వెనక్కి పారి పంపును తడిపేస్తాయి, స్కిమ్మర్‌లోని కొంత నీరు సంపులోకి దిగవచ్చు. ఆ నీరు పట్టేంత ఖాళీ సంపులో ముందే ఉంచుకోండి. మొదటిరోజు మీరే స్విచ్చి ఆపి, నేల తడవలేదని చూసుకున్నాకే చేపలు వేయండి.