నిండుకుండ చెప్పిన ఆకలికథలు

ఫ్రాన్సు దేశమున శీతకాలపు ఆదివారమునాడు ప్రొద్దుననే పొయ్యి నెక్కిన పెద్దకుండలో, అంగడియందు చౌకగా దొరకు గట్టి గోమాంసఖండములు, మూలుగ నిండిన ఎముక, లవంగములు గ్రుచ్చిన ఉల్లిగడ్డ, కారెట్లు, టర్నిప్ దుంపలు, లీకు కాడలు, పరిమళపత్రముల చిన్నకట్ట, ఇవన్నియు నీటిలో మునిగి, తెరలి పొంగక, అడపాదడపా ఒక్కొక్క బుడగ మాత్రమే పైకి తేలునంతటి సన్నసెగపై మూడు నాలుగు గంటలు ఉడుకుచుండును. దీనికి పొతొఫు అని పేరు. వడ్డనలో దీనికొక క్రమము కలదు. మొదట తేటరసమును లోతుపళ్లెములలో పోయుదురు. పిమ్మట ఎముకనుండి తీసిన మూలుగను కాల్చిన రొట్టెముక్కపై పూసి గల్లుప్పు చల్లుదురు. ఆ తరువాతనే మాంసమును కూరలును, ఘాటైన ఆవముద్దతోను సిర్కాలో ఊరిన చిరుదోసకాయలతోను బల్లమీదికి వచ్చును. గోమాంసమను మాట మన పాఠకులలో పలువురకు రుచింపకపోవచ్చును. నేను చూపదలచినది ఆ వంటకమునకు పట్టు కాలమును. లేతమాంసము కొనజాలనివాడు గట్టిమాంసమును కొని, ధనమునకు బదులు కాలమును వెచ్చించి, దానిని మెత్తపఱచుకొనెను. ముసలి కోడిపుంజును ఎఱ్ఱని వైనులో గంటలకొలది ఉడికించుటయు, ఎండి గట్టిపడిన రొట్టెను పాలలోను గ్రుడ్లలోను నానవేసి వెన్నలో కాల్చుటయు ఈ లెక్కలోనివే.

లోకము మాత్రము ఫ్రెంచి పాకమనగానే తెల్లటోపీల పాచకులను, నక్షత్రములు పొందిన భోజనశాలలను తలచును. ఆ నక్షత్రములకును మూలము ఇంటివంటయే. లియోన్ నగరమున ధనికుల ఇండ్లలో వండి, పిదప స్వంతముగ పూటకూళ్లు నడపి, జనులచే ‘అమ్మ’లని పిలిపించుకొనిన స్త్రీలలో యూజెనీ బ్రాజియే ఒకతె, పదియేండ్లకే తల్లిని కోల్పోయి పొలములలో పనిచేసి పెరిగిన ఈమె 1921లో చిన్న భోజనశాల తెఱచి, 1933 నాటికి రెండు శాలలకును మూడేసి చొప్పున ఆఱు మిషెలిన్ నక్షత్రములు గడించెను. 2010 నవంబరులో నైరోబీయందు సమావేశమైన యునెస్కో సంఘము వారసత్వపు పట్టికలో చేర్చినదియు ఏ పాచకుని కీర్తినో కాక, జన్మదినములకును వివాహములకును బంధుమిత్రులు కూడి, ఆకలి పుట్టించు పానీయముతో మొదలిడి, తొలివంటకము, చేపయో మాంసమో, చీజు, మధురపదార్థము అను వరుస తప్పక తీరికగా భుజించు కుటుంబాచారమునే.

మధ్యాహ్నము దాటి కూర్చుండిన కుటుంబము నాలుగు గంటలకు గాని లేవని ఆదివారములు కలవు. అంతసేపు నోరు తినుటయందే యుండదు కదా! ఒక వంటకమునకును మఱొకదానికిని నడుమ తాత, అవ్వ, పెదతండ్రి, ఎవరో యొకరు కథ నెత్తుకొందురు. ఈ కథలను వినగా చదువగా నాకు తోచిన దొకటి: అన్ని హంగులతో నిండిన ఆ బల్లచుట్టు చెప్పబడునవి తఱచుగ ఆకలి కథలు.

వీనిలో పెద్దపీట నాల్గవ హాన్రీ రాజుది. 1562 మొదలు 1598 వఱకు సాగిన మతయుద్ధములచే పాడుపడిన రాజ్యమును చేపట్టిన ఆ రాజు, తన యేలుబడిలో ఆదివారమునాడు కోడి ఉడుకని కుండగల సేద్యగాడు ఒక్కడైనను ఉండరాదని కోరెనట. ఈ మాటను ప్రసిద్ధికి తెచ్చినది, అతడు హతుడైన 1610కి ఏబదియేండ్లు దాటిన పిమ్మట, 1661లో, పదునాల్గవ లూయీకి గురువైన పెరెఫిక్స్ వెలువరించిన చరిత్ర. ఐనను కూరగాయలతో ఉడికిన కోడి బల్లకు వచ్చినప్పుడు తాతగారు ఆ రాజును తలపక మానరు. కోరికకును దాని ఫలమునకును నడుమ ఎన్ని తరములు పస్తులుండెనో మాత్రము సాధారణముగ చెప్పరు.

కసులే కథ ఇంతకంటె విచిత్రము. దక్షిణదేశమున కాస్తెల్నోదరీ, కార్కసోన్, తులూజ్ నగరములు మూడును ఈ వంటకము మాదనిన మాదని తగవులాడుచుండగా, కార్కసోనులో పుట్టిన పాకకోవిదుడు ప్రోస్పేర్ మోంతాన్యే, క్రైస్తవమతములోని త్రిత్వభావము నాశ్రయించి, కాస్తెల్నోదరీది తండ్రియనియు, కార్కసోనుది కుమారుడనియు, తులూజుది పవిత్రాత్మయనియు తీర్పు చెప్పెను; తగవు తీరలేదని వేఱుగ చెప్పనక్కఱలేదు. తెల్ల చిక్కుడుగింజలను రాత్రి నానవేసి, పందిమాంసముతోను, సాసేజితోను, తన క్రొవ్వులోనే ఉడికి నిలువయున్న బాతుతొడలతోను కలిపి, నోరు వెడల్పు అడుగు ఇఱుకు గల మట్టిపాత్రలో పొయ్యిలోపల గంటలకొలది ఉంచి, పైన కట్టిన పెచ్చును చెంచాతో లోని కణచుచు, మరల కట్టగా మరల అణచుచు నుండవలయును. ఏడుమాఱులు అణచవలెనని పెద్దల మాట. ఏడవమాఱు వఱకు ఓర్చుకొను పిల్లలు అరుదు గనుక అప్పుడే కథ మొదలగును.

నూఱేండ్ల యుద్ధమున ఆంగ్లేయులు కాస్తెల్నోదరీని ముట్టడింపగా, తిండి కఱవైన పౌరులు ఎవరింట మిగిలిన గింజలు వారు, ఎవరి యుట్టిమీది మాంసపుముక్క వారు తెచ్చి, ఒక్కపాత్రలో పోసి ఉడికించి సైనికులకు పెట్టిరనియు, ఆ తిండి యిచ్చిన బలముతో వారు శత్రువును సముద్రము వఱకు తఱిమిరనియు చెప్పుదురు. చరిత్ర చెప్పునది వేఱు. 1355లో ఆంగ్ల యువరాజు ఎడ్వర్డు ఆ పట్టణమును పట్టి తగులబెట్టెను. చిక్కుడుగింజయో, 1492లో కొలంబసు అట్లాంటికు దాటిన పిదప గాని అమెరికానుండి ఐరోపాకు రాలేదు. ఆనాడు వండినది పాతకాలపు వేఱొక గింజయని ఊరివారు సవరణ చెప్పుదురు గాని, గెలుపునకు సవరణ లేదు. ఐనను ఈ కథను త్రోసివేయుటకు నాకు మన సొప్పదు. గెలుపును కల్పించిన నోటికి, ఉన్నదంతయు ఒక్కకుండలో పోసికొనవలసివచ్చిన ఆకలిని కల్పింపవలసిన పని యుండెనా? కాలిన ఊరు ఆఱువందల యేండ్ల తరువాత తన భోజనపుబల్లవద్ద గెలుచుచున్నదనిన చరిత్రకారులకు వచ్చిన నష్టమేమి?

ఆదివారము మిగిలిన మాంసమును సన్నగ తఱిగి, పైన బంగాళాదుంపల ముద్ద పఱచి ఎఱ్ఱగ కాల్చు సోమవారపు వంటకమునకు పార్మాంతియే పేరు పెట్టిరి. ఆంత్వాన్ ఒగుస్తాన్ పార్మాంతియే (1737–1813) సైన్యమున ఔషధకారుడు. సప్తవర్ష సంగ్రామమున ప్రష్యావారికి బందీయై, తన దేశమున పందులకు వేయు దుంపను తిని బ్రతికి వచ్చి, కుష్ఠు తెచ్చునని జనులు వెఱచిన ఆ దుంపను కఱవునకు విరుగుడని జీవితమంతయు చాటెను. పారిస్ చేరువ సాబ్లోన్ మైదానమున దానిని నాటించి, పగలు సైనికులను కావలియుంచి, రాత్రి తొలగించి, దొంగలకు దారి విడిచెనని కథ. దొంగతనము మేలుచేసిన కథ గనుక పిల్లలకిది ప్రాణము. పెర్ లషేజ్ శ్మశానమున ఆయన సమాధిపై సందర్శకులు నేటికిని పువ్వులకు బదులు బంగాళాదుంప లుంచి పోవుదురు.

విద్యుద్దీపములు రాకమునుపు పల్లెలలో చలికాలపు రాత్రులు ఇరుగుపొరుగువారు ఒక్క యింటి నిప్పుచుట్టు చేరి, కట్టెలును దీపపు నూనెయు ఆదాచేసికొనుచు, పెరిగోర్ సీమలోనైనచో అక్రోటుకాయలు పగులగొట్టుచు కథలు చెప్పుకొనెడివారు. అట్టి కథలకు పండితరూప మిచ్చి 1697లో షార్ల్ పెరో అచ్చువేయించిన సంపుటములో, బొటనవ్రేలంతటి బాలుని కథ కఱవుతోనే మొదలగును. బిడ్డలకు కూడుపెట్టలేని కట్టెలు కొట్టువాడు వారిని అడవిలో విడిచి వచ్చును; రెండవమాఱు విడిచినపుడు ఇంటిదారికి గుర్తుగ బాలుడు చల్లిన రొట్టెపలుకులను పక్షులు తినివేయును. ఆ గ్రంథమునకు మూడేండ్ల ముందే, 1693–94 కఱవులో, ఫ్రాన్సున పదిలక్షలకు మించిన జనము నశించియుండిరి. బిడ్డలను మొదటిమాఱు విడిచివచ్చిన రాత్రియే ఆ దంపతులకు రావలసిన పాతబాకీ చేతి కందగా, తల్లి పరుగున పోయి ఇద్దఱకు కావలసినదానికి మూడింతల మాంసము కొనితెచ్చును. రాజాస్థానమున మెలగిన పెరోకు తోచు వివరమా ఇది? బహుదినములు పస్తులున్నవారి నోట గాని పుట్టదు.

1870–71 శీతకాలమున ప్రష్యా సేనలు పారిస్ నగరమును ముట్టడించినపుడు, గుఱ్ఱములతోను ఎలుకలతోను సాధారణులు కడుపు నింపుకొనుచుండగా, జంతుశాలలోని కాస్టర్, పోలక్స్ అను ఏనుగులు కసాయి అంగడి చేరినవి. ఇది వినోదముగ చెప్పుకొను కథ. ఏనుగుమాంసము ధనికుల పళ్లెములలోనే పడినది గనుక నవ్వవచ్చును.

జనవరి 6వ తేదీ ప్రాంతమున ముగ్గురు రాజుల పండుగకు పొరలు పొరలుగ కాల్చి నడుమ బాదముముద్ద కూర్చిన గుండ్రని రొట్టెను కోయుదురు. అందొక గింజ దాగియుండును. ఇప్పుడది పింగాణి బొమ్మ. అందఱిలో చిన్నబిడ్డ బల్లక్రింద దూరి, ఏ ముక్క ఎవరిదో చూడకయే చెప్పును. గింజ వచ్చినవారికి కాగితపు కిరీటము. పూర్వము ఒక ముక్కను అధికముగ కోసి, తలుపు తట్టు బీదవానికై ఉంచెడివారు.

ఇంతవఱకు చెప్పినవన్నియు చెప్పువారెవరును చూడని ఆకలికథలు. అందుకే వానిలో రాజులును, ఏనుగులును, గెలుపులును కలవు. చూచినవారు చెప్పు కథ తీరు వేఱు. 1940 సెప్టెంబరులో జర్మనుల ఆక్రమణక్రింద వచ్చిన రేషను కార్డులు, యుద్ధము ముగిసిన తరువాత కూడ 1949 వఱకు పూర్తిగ తొలగలేదు. పెద్దవారికి దినమునకు 350 గ్రాముల రొట్టె. 1941 వసంతమునకు 275. కాఫీకి బదులు వేచిన బార్లీ. బంగాళాదుంపలు ఆక్రమించిన సైన్యము పాలు కాగా, పశువుల మేతకు పెంచు రుతబాగా, తొపినాంబూరు దుంపలు మనుష్యుల కుండలలో చేరినవి. ఆ తరము వృద్ధులు దీనిని చెప్పునపుడు అలంకారము లేదు, నీతి లేదు. ఎంత తూకము, ఎవరి వంతు, ఏ యంగడిముందు ఎన్ని గంటలు నిలిచితిమి అను లెక్కలే.

ఇటీవలి దశాబ్దములలో ఆ దుంపలు ‘మఱచిన కూరగాయలు’ అను ముద్దుపేరుతో సంతలకు మరలి వచ్చినవి. పేరుమోసిన పాచకులు మీగడ చేర్చి సూపు కాచుచున్నారు. మనుమరాండ్రు ముచ్చటపడి వెలపెట్టి కొనుచున్నారు. అవ్వలు మాత్రము తమ జన్మకు సరిపడ తింటిమని చెప్పి చెంచా ముట్టుటకైన ఒప్పుకొనరు. మనుమరాండ్రు కారణ మడుగుదురు, లెక్కలు మొదటినుండి మొదలగును.